అడ్డప్పడికి సెలవు

లారీ కాటా ఎక్కుతుంది, అంకె వెలుగుతుంది,
చీటీ చించి ఇస్తాను. రాత్రంతా ఇదే కొలువు.
పోర్టు గేటు పక్కన, బొగ్గు కుప్పల మీంచి వచ్చే గాలిలో
తుడిచిన బల్లని గంటలో మళ్లీ తుడవాలి.

తప్పు పడిన చీటీలు పారేయబుద్ధి కాక
ఓ గురువారం రాత్రి వెనకవైపు
పీతని గీశాను.
ఎనిమిది కాళ్లు, రెండు పట్టుకార్లు,
ఒక కన్ను కొంచెం పెద్దది, చెయ్యి జారి.
అడ్డంగా నడుస్తాడు కాబట్టి
అడ్డప్పడని పేరు పెట్టింది టీకొట్టు సన్యాసమ్మ.

యారాడ నుంచి భీమిలి వెళ్లాలి వాడు.
ఎందుకో నాకూ తెలీదు, వాడూ చెప్పలేదు.
ఏడేళ్లు. వారానికి నాలుగు గడులు.
కొండ దిగడానికే ఒక వేసవి పట్టింది.
జ్ఞానాపురంలో వాన కురిసిన రాత్రి
ఓ బడిపిల్ల చెప్పులో పడుకున్నాడు.
పూర్ణా మార్కెట్లో తక్కెడలో పడి
తూకం వేసినవాణ్ణి తిట్టి మరీ దిగొచ్చాడు.
బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్‌ని చూసి
"ఇంత పెంకు ఉన్నోడు ఒడ్డుకెందుకొచ్చాడో" అన్నాడు.

ఆ మాట నాది కాదు, వాడిదే.
అప్పట్లో వాడు ముందు నడిచేవాడు,
నా చెయ్యి వెనకాల పరిగెత్తేది.

ఎప్పుడు మారిందో చెప్పలేను.
లాసన్స్ బే దగ్గర అనుకుంటా.
బుధవారానికే మెడ పట్టేసేది.
అల వస్తే అల కనపడటం మానేసింది,
ఎన్ని గీతల్లో తేలిపోతుందో కనపడేది.
మా గౌరేసు కాలు విరిగి ఆసుపత్రిలో ఉంటే
ఆ సిమెంటు కట్టు పీతకి ఏ కాలికేస్తే బావుంటుందా అని
మంచం పక్కన కూచుని లెక్కేశాను.
గౌరేసు మాట్లాడుతూనే ఉన్నాడు. ఏం చెప్పాడో
ఇప్పటికీ తెలీదు.

"మన పీతగాడు ఎందాకా వొచ్చినాడు?" అని
డ్రైవర్లు కిటికీలోంచి అడిగేవారు.
ప్రేమగానే అడిగేవారు. దానికీ బరువుంటుంది,
ఏ చీటీ మీదా పడదంతే.

మొన్న డ్యూటీ దిగి, పెన్ను సొరుగులో వదిలి,
బస్సెక్కి పెద జాలరిపేటలో దిగాను.
పోటు మొదలైంది. ఇసకలో ఒక నిజం పీత
కంగారేం లేకుండా
తడి ఇసక ముద్ద లాక్కుని
లోపల్నుంచి తలుపేసుకుంది.
అల దాని మీంచి వెళ్లింది, వచ్చింది.
బూట్లు తడిసేదాకా అక్కడే నిలబడ్డాను.
ఆటుకి లేస్తుంది కాబోలు.
లేవకపోతే దానిష్టం.

ఈ గురువారం ఒక్కటే గడి గీశాను.
రుషికొండ దగ్గర, ఇసకలో చిన్న గుబ్బ.
మాటలు రాయలేదు.

సన్యాసమ్మ చీటీని లైటుకి ఎత్తి చూసింది.
"ఏటిది? పీతేదీ?"
"లోపలున్నాడు."
"ఎన్నాళ్లుంటాడేటి?"
"చెప్పలేదు."
"మరి తిండీ?"
దీనికి నా దగ్గర జవాబు లేదు.
ఆమే ఆలోచించి, గ్లాసులో ఇంకాస్త టీ పోసి,
"దాసుకునుంటాడులే, ఎర్రోడు కాడు గదా" అంది.
ఫ్యాను గాలికి ఎగరకుండా
చీటీని పంచదార డబ్బా కింద పెట్టింది.

రెండు దాటాక లారీలు పల్చబడ్డాయి.
ఓడేదో కూత పెట్టింది. డాల్ఫిన్ నోస్ మీద దీపం
తన తిప్పట తాను తిరుగుతోంది.
తప్పు చీటీల కట్ట బల్లమీదే ఉంది,
వెనకవైపు తెల్లగా.
ఏం చెయ్యాలో తెలీక నా చేతులు
ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

బయటికెళ్లి కాటా ఎక్కాను.
పధ్నాలుగు చక్రాలు నిలబడే చోట నేనొక్కణ్ణే.
కిటికీలో అంకె అరవై చూపించింది.
నేను అరవై నాలుగు, ఆసుపత్రి మిషను మీద చూసుకున్నాను.
ఈ కాటాకి ఇరవైల లెక్కే వచ్చు,
మీద మిగిలింది దానికి పట్టదు.

ఆ నాలుగు కిలోలతో కాసేపు నిలబడ్డాను.
గేటు దగ్గర ఎవరో హారన్ కొట్టారు.
దిగాను,
పక్కకి అడుగేసి.